ఎక్కిన చోటే దింపాలి

ఆయన మా మేడగదిలోకి దిగిన రోజునే వానలూ దిగాయి. అత్తయ్య దాన్ని ఆయన ఖాతాలో వేసేసింది. "అడుగు పెట్టాడో లేదో ఎంత చల్లబడిందో చూడు" అంది. అంతకుముందు ఆ గదిలో ఉన్న మెకానిక్కు సామాను దించుతుంటే కరెంటు పోయిందని, అతను ఖాళీ చేసేదాకా దెప్పిన మనిషే ఆవిడ.

మేడగది ఆయన అనే పిలిచేవాళ్ళం. నలభైకి అటూ ఇటూగా ఉంటాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. ఎక్కడెక్కడి కంపెనీలకో మనుషుల్ని కుదిర్చిపెట్టే పని అన్నాడు. ఏ కంపెనీలండీ అని మా ఆయన అడిగితే, "అడిగినవాళ్ళందరికీనండీ" అన్నాడు. మా ఆయనకి టైర్లకి పంక్చర్లు వేసే షాపు ఉంది. మనుషులకంటే ట్యూబుల్ని ఎక్కువ నమ్ముతారు. అయినా ఆ జవాబుకి సరేనని తలూపారు. అద్దె సరిగా ఇచ్చే మనిషినీ, కారే కుళాయిని అడక్కుండానే బాగుచేసే మనిషినీ ఎవరు మాత్రం వద్దంటారు?

ఇక మా ఇంట్లో మిగిలింది మా ఆడపడుచు. అందరం పిచ్చుక అనే అంటాం. పంతొమ్మిదేళ్ళు. నత్తి. మామూలు నత్తి కాదు, మొదటి అక్షరం దగ్గరే తలుపు బిగుసుకుపోతుంది. పాపం కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి, ఆ తలుపుని భుజంతో తోసుకుంటూ బయటికి రావాలి. అంతసేపు ఆగే ఓపిక మా ఇంట్లో ఎవరికి ఏడ్చింది? తను "నా...కు ప..." అనేలోపే అత్తయ్య "పడుకుంటావా? పడుకో తల్లీ" అనేది. మా ఆయన "పళ్ళా? సాయంత్రం తెస్తాలే" అనేవారు. నేను మాత్రం తక్కువ తిన్నానా? "పక్కింటికి వెళ్తావా, వెళ్ళిరా" అనేదాన్ని. ఎవరు ముందు పూర్తిచేస్తారా అని మాకదో పోటీ అయిపోయింది. పిల్ల కష్టపడకుండా మాట అందిస్తున్నామని మురిసిపోయేవాళ్ళం కూడా. తను తలూపేసి, మిట్టమధ్యాహ్నమైనా సరే, వెళ్ళి పడుకునేది.

పెరటివైపు మేడమెట్లున్నాయి. వానాకాలం బట్టలు ఆరవు కాబట్టి పిచ్చుక ఆ మెట్ల కింద తీగ కట్టి, రోజంతా వాటిని తిప్పి తిప్పి ఆరేస్తూ అక్కడే కూచునేది. వంటింటి కిటికీలోంచి నాకు అంతా కనపడుతుంది.

ఒకరోజు చూద్దును కదా, మేడగది ఆయన టీ గ్లాసు పట్టుకుని పై మెట్టు మీద కూచుని ఉన్నాడు. పిచ్చుకకి ఎదురుగా కాదు, పక్కకి తిరిగి. తనవైపు చూడటం లేదు, మబ్బు చూస్తున్నాడు. టీ అయ్యాక ఒక్కమాటైనా అనకుండా లేచి వెళ్ళిపోయాడు. మర్నాడూ అదే వేళకి వచ్చాడు. ఆ మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి పై మెట్టు మీంచి నడిమెట్టు మీదికి వచ్చాడు. పిచ్చుక లోపలికి పారిపోలేదు. ఆయన టీ తాగి, ఆవులించి, ఇంకాసేపు ఉంటే బాగుండునని పిచ్చుకకి అనిపిస్తుండగానే లేచిపోయాడు.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. కూర అడుగంటిందని అత్తయ్య అరిచేదాకా నాకు వాసనైనా తెలియలేదు.

ఎందుకంటే ఆ పని నాది. పెళ్ళికి ముందు నేను పశువుల ఆసుపత్రి వాళ్ళ వ్యాన్‌లో వీధికుక్కల్ని పట్టేదాన్ని. నవ్వుకుంటే నవ్వుకోండి, మా అత్తయ్య అయితే ఏడ్చింది. కుక్కల్ని పట్టే కోడలా అని. పట్టుకెళ్ళి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, సూది వేయించి, గుర్తుకి చెవి కొస కాస్త కత్తిరించి మళ్ళీ వదిలేసేవాళ్ళం. భయపడ్డ కుక్కని ఎలా దగ్గరికి తీయాలో అక్కడి డాక్టరమ్మ నేర్పింది. ఎదురుగా వెళ్ళకూడదు, పక్కకి తిరిగి కూచోవాలి. కళ్ళలోకి చూడకూడదు. ఆవులించాలి, తొందరేం లేదని దానికి తెలియాలి. రోజూ అదే వేళకి రావాలి. దానికి విసుగొచ్చేలోపే మనమే లేచిపోవాలి. అప్పుడు మర్నాడు అది మన దారి చూస్తుంది.

మా వ్యాన్ నడిపే బాబాయ్‌ని హారన్ బాబాయ్ అనేవాళ్ళం. వ్యాన్‌కి హారన్ లేదు కాబట్టి. మోగిస్తే కుక్కలు పారిపోతాయని ఆయనే పీకి పారేశాడు. చెవి మీద ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. కుక్కని ఎక్కించగానే అది ఏ వీధిదో బోను తలుపు మీద రాసేవాడు. ఎక్కిన చోటే దింపాలని డాక్టరమ్మ కట్టడి. "బిస్కెట్టు ఎవడైనా వేస్తాడు. తెచ్చి మళ్ళీ దాని వీధిలో దింపావా, అది నమ్మకం. మిగతాదంతా బిస్కెట్టే" అనేది.

ఆ కిటికీ దగ్గర నిలబడ్డ నాకు ఒకటే ప్రశ్న. ఈయన కూచునే తీరు బాగానే ఉంది, తెలిసినవాడి తీరే. మరి ఈయన వెనక వ్యాన్ ఎక్కడుంది?

*

అత్తయ్యతో అంటే కస్సుమంది. "ఆ బాబు దగ్గర దాని నత్తి సగం తగ్గింది, తెలుసా నీకు?"

"తగ్గలేదు అత్తయ్యా. ఆయన ఆగుతున్నాడు. అది మాట పూర్తిచేసేదాకా నోరు మెదపడు."

"మరి అదేగా మంచితనమంటే!"

ఆవిడ అన్నదీ నిజమే. నేను కళ్ళారా చూశాను. పిచ్చుక గడ్డం పైకెత్తి ఒక మాట కోసం అవస్థ పడుతుంటే ఆయన మబ్బు చూస్తూ కూచునేవాడు. మాట బయటికొచ్చాక అప్పుడు తలూపేవాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్లకి అలాంటి మనిషి దొరకలేదు. మాలో ఒక్కరైనా ఆ పని చేసి ఉంటే, ఆయన ఆ పై మెట్టు మీదే కూచుని కూచుని వెళ్ళిపోయేవాడు.

వాన పెరిగింది. ఒకరోజు పిచ్చుక పసుపుపచ్చ గొడుగు వేసుకుని గేట్లోంచి వచ్చింది. కర్రపిడి, అంచున తెల్లచార. ఎక్కడిదే అన్నాను.

"నేనే కొనుక్కున్నా వదినా, దాచుకున్న డబ్బుల్తో."

ఆ వాక్యంలో ఎక్కడా నత్తి లేదు. 'వదినా' అన్న మాటే మూడు ముక్కలుగా చెప్పే పిల్ల, ఒక అబద్ధాన్ని గడగడా ఒప్పజెప్పేసింది. ఎన్నిసార్లు చెప్పించి ఉంటాడో! వీధిలో అందరూ చూస్తుండగా తినని కుక్క, సందు చివర ఒంటరిగా మన అరచేతిలోంచి తిన్న రోజు గుర్తొచ్చింది. ఆ రోజు డాక్టరమ్మ "ఇక వల తెచ్చుకో" అంది.

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పాను. ఆయన చేతులకి అంటిన టైరు మసి కడుక్కుంటూ విన్నారు.

"అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. నీకు ప్రతివాడూ కుక్కలాగే కనిపిస్తాడా?"

"ఆయన కుక్క అని నేనన్నానా? పట్టేవాడు అంటున్నా."

"పట్టి ఏం చేస్తాడంట?"

"అదే తెలియట్లేదు. తెలిస్తే ఇంత భయం ఉండదు."

ఆయన నవ్వబోయి నా మొహం చూసి ఆగారు. సబ్బు మాత్రం మళ్ళీ రాసుకున్నారు, అప్పటికే తెల్లబడ్డ చేతులకి.

తర్వాత మేడగది ఆయనతోనే మాట్లాడి చూద్దామని తడిబట్టల వంకన మేడెక్కాను. ఆయన చేతిరుమాళ్ళు ఆరేసుకుంటున్నాడు. నన్ను చూసి, నా బట్టలకి చోటుండాలని తన రుమాళ్ళు ఒక పక్కకి జరిపాడు.

"మీరు కుక్కల్ని పట్టేవారటగా. మీ అత్తగారు చెప్పారు."

"చెప్పారా? ఆవిడకి నామోషీ, ఎవరికీ చెప్పరే."

"నాకు చెప్పారు" అన్నాడు. "బాగా బెదిరిపోయినదాన్ని ఎలా పడతారండీ?"

"మీకెందుకో?"

"ఊరికే. పనంటే నాకు ఇష్టం, ఎవరి పనైనా."

"పట్టం. అదే వచ్చేదాకా కూచుంటాం."

"అదీ!" అన్నాడు, ఏదో లెక్క సరిపోయినట్టు. "తొందరపడేవాళ్ళకి ఏదీ దక్కదండీ. జనానికి ఆ సంగతే తెలియదు." క్లిప్పు ఒకటి తీసి నా చేతికిచ్చాడు. "మీకు తెలుసు."

బెదిరింపు లేదు, వెటకారం లేదు. సాటి పనివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడాడు. నేను తెచ్చిన బట్టలు అలాగే బకెట్టులో పెట్టుకుని కిందికి దిగిపోయాను.

*

వానలు ఒక పట్టాన వదల్లేదు. దుప్పట్లు కంపు కొడుతున్నాయి. పిచ్చుకా నేనూ చెరో కొస పట్టుకుని పిండుతున్నాం.

"ఈ వానలు ఎప్పుడు పోతాయో, మనం ఎప్పుడు బాగుపడతామో" అన్నాను.

"అ... అక్కడ..." అంది పిచ్చుక. నేను నోరు మూసుకున్నాను. పెదవి కొరుక్కుని మరీ మూసుకున్నాను. "అక్కడ వా... వానే ప... పడదట."

"ఎక్కడే?" అన్నాను చటుక్కున.

అంతే, చెడింది. తొందరపడి చెయ్యి ముందుకి చాచేశాను. పిచ్చుక కళ్ళు నా మీంచి మెట్ల మీదికి పోయాయి. దుప్పటి కొస వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళి చూస్తే మంచం కింద సంచీ కనిపించింది. నాలుగు జతలు మడిచిపెట్టి ఉన్నాయి. ఉన్నిబట్ట ఒక్కటీ లేదు, అన్నీ పల్చటివే.

ఈసారి మా ఆయన నవ్వలేదు. "గేటుకి తాళం వేస్తా. వాణ్ణి మెడపట్టి గెంటేస్తా. రేపటినించి అది గడప దాటితే ఒట్టు" అని లేచారు.

"కూచోండి" అన్నాను. "మీరు తాళం వేస్తే కిటికీలోంచి వెళ్తుంది. గెంటేస్తే ఆయన వీధి చివర నిలబడతాడు, ఇది పరిగెత్తుకెళ్తుంది. దాని మాట వినే మనిషిని తరిమేసిన దుర్మార్గులం మనమవుతాం."

"అయితే చేతులు కట్టుకుని కూచోమంటావా?"

"ఒక్కరోజు ఆగండి. నన్ను ఆసుపత్రికి వెళ్ళిరానీండి."

పెళ్ళయ్యాక ఆ గేటు లోపలికి వెళ్ళడం అదే మొదలు. అదే ఫినాయిల్ వాసన, అవే తుప్పుబోనులు. డాక్టరమ్మ ఒక తెల్లకుక్కకి కుట్లు వేస్తోంది. తలెత్తకుండానే "ఆ కాలు పట్టుకో" అంది. పట్టుకున్నాను. కుశలప్రశ్నలు ఆవిడ డిక్షనరీలో లేవు. కుట్లు పడుతుండగానే నా గోడు వెళ్ళబోసుకున్నాను. ఆయన కూచునే తీరు, గొడుగు, ఒప్పజెప్పిన అబద్ధం, వాన పడని చోటు.

గుమ్మంలో టీ తాగుతున్న హారన్ బాబాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"పసుపు గొడుగా? అంచున తెల్లచార ఉంటుందా?"

నేను తలూపాను.

"రైలుకట్ట పక్క వీధిలో ఒకావిడ ఉందమ్మా. వాళ్ళ మేడ మీద కూడా ఇలాంటి ఆయనే ఉండేవాడు, పోయిన వానలకి. వాళ్ళమ్మాయి మంచిది, వీధికుక్కల్ని నాకు తనే పిలిచి అప్పజెప్పేది. ఉద్యోగమని వెళ్ళింది. ఫోను లేదు, కబురు లేదు. నేను ఆ వీధికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ వ్యాన్‌కి అడ్డంగా వచ్చి నిలబడుతుంది. 'ఊరంతా తిరుగుతావు కదయ్యా, మా అమ్మాయి ఎక్కడైనా కనపడిందా' అని."

డాక్టరమ్మ దారం తెంపింది. "మీ పిల్లకి నువ్వు చెబితే నమ్మదు. చూస్తే నమ్మొచ్చు. ఎదురు నిలబడకు, పక్కన నడు. ఇంకో మాట, అబద్ధమాడి మాత్రం వ్యాన్ ఎక్కించకు. అబద్ధంతో ఎక్కిస్తే ఆయనకీ నీకూ తేడా ఏముంది?"

*

మర్నాడు పొద్దున పిచ్చుక బట్టలు ఆరేస్తుంటే వెళ్ళి తన పక్కన, అదే వైపు తిరిగి కూచున్నాను. మొహం చూడలేదు.

"పిచ్చుకా, హారన్ బాబాయ్ వ్యాన్ వస్తుంది. రైలుకట్ట దగ్గర ఒకావిడ ఇంటికి నిన్ను తీసుకెళ్దామనుంది. అక్కడ నువ్వొకటి చూడాలి. చూశాక మళ్ళీ తెచ్చి ఇక్కడే దింపుతా. ఆ తర్వాత నువ్వు ఎక్కడికి వెళ్ళినా అడ్డుపడను."

చాలాసేపు బట్టల నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతున్న చప్పుడే. నాలిక మీదికి వచ్చిన మాటల్ని పళ్ళతో పట్టుకుని కూచున్నాను.

"ఆ... ఆయనకి చె... చెప్పి రానా?"

వద్దని అరవాలనిపించింది. "నీ ఇష్టం" అన్నాను.

చెప్పే అవసరం లేకుండానే ఆయన దిగి వచ్చాడు. చాలా రోజుల తర్వాత ఆ పూట ఎండ కాసింది. గేటు దగ్గర వ్యాన్ ఆగి ఉంది. పిచ్చుక చెప్పులేసుకుని, అలవాటుగా గొడుగు చంకన పెట్టుకుంది. బెదురు దాచుకోడానికి కూడా అయి ఉండొచ్చు.

"ఎక్కడికి ప్రయాణం?" అన్నాడు మెత్తగా.

"రైలుకట్ట పక్క వీధికి" అన్నాను నేను.

ఆయన నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం గొడుగు మీద వాలాయి.

"ఎండగానే ఉందిగా, గొడుగెందుకు?"

"వ... వ... వ..." పిచ్చుక కళ్ళు మూసుకుంది. గడ్డం పైకెత్తింది. వస్తుంది ఆ మాట, ఇంకాసేపట్లో వస్తుంది.

"వానేం రాదు. ఇంట్లో పెట్టేసి వెళ్ళు" అన్నాడు.

పిచ్చుక కళ్ళు తెరిచింది. నోరు ఇంకా ఆ అక్షరం దగ్గరే ఉంది. తన మాటని ఎన్నడూ తుంచని మనిషిని ఒక్కసారి చూసింది, నావైపు చూసింది. గొడుగుని చంకలోకి ఇంకాస్త గట్టిగా నొక్కుకుని గేటువైపు నడిచింది.

హారన్ బాబాయ్ సుద్దముక్క తీసి, ముందు తలుపు మీద మా వీధి పేరు రాశాడు. "నీకు బోను లేదుగానీ తల్లీ, రూలు రూలే" అన్నాడు. పిచ్చుక నవ్వలేదు. అద్దంలో చూస్తే మేడగది ఆయన మా గేటు పట్టుకుని, వ్యాన్ మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాడు.

రైలుకట్ట ఇల్లు చిన్నది, మేడమెట్లు మాత్రం మా మెట్లలాగే ఉన్నాయి. ఆవిడ బయటికొచ్చి ముందు హారన్ బాబాయ్ మొహం చూసింది. ఆయన అడ్డంగా తలూపాడు. ఆవిడకది అలవాటే కాబోలు, "రండమ్మా" అని లోపలికి దారి ఇచ్చింది.

ముందుగదిలో మేకుకి పసుపుపచ్చ గొడుగు వేలాడుతోంది. కర్రపిడి. అంచున తెల్లచార.

పిచ్చుక అక్కడే నిలబడిపోయింది. ఆవిడ పిచ్చుక చేతిలోది చూసింది, గోడ మీదిది చూసింది. ఏడుపు రాలేదు ఆవిడకి. కుర్చీ పట్టుకుని కూచుంది.

"మేడ మీదాయన ఇచ్చాడు మా పిల్లకి" అంది. "వెళ్ళేనాడు తీసుకెళ్ళవే అన్నాను. అక్కర్లేదమ్మా, అక్కడ వానే పడదట అంది."

కట్ట మీద రైలు వెళ్తే గోడ మీది గొడుగు కాస్త ఊగింది. పిచ్చుక మెల్లిగా వెళ్ళి తన గొడుగుని కూడా అదే మేకుకి తగిలించింది. ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూచుని, ఆవిడ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

మేం తిరిగొచ్చేసరికి మేడగది తలుపు బార్లా తీసి ఉంది. లోపల చీపురుతో ఊడ్చి మరీ వెళ్ళాడు. ఒక్క కాగితంముక్క లేదు, తీగ మీద ఒక్క రుమాలు లేదు. అత్తయ్య గుమ్మం దగ్గర చతికిలబడి ఉంది. "తల్లికి బాగాలేదని కబురొచ్చిందిట. ఈ నెల అద్దె కూడా నా చేతిలో పెట్టి, కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళాడే" అంది. మేం సంగతి చెప్పాక ఆ చెయ్యి కొంగుకి తుడుచుకుంటూనే ఉంది, ఎంతసేపో.

*

రైలుకట్ట ఆవిడతో కలిసి పోలీసుల దగ్గరికి వెళ్ళాం. ఆయన ఇచ్చిన పేరు ఆయనది కాదన్నారు. వెతుకుతామన్నారు. వెతుకుతూనే ఉన్నారు.

పిచ్చుక మాట్లాడటం మానేసింది. తప్పించుకున్నందుకు సంతోషపడుతుందనుకున్న మేం వెర్రివాళ్ళం. దానికి పోయింది ఒక దొంగ కాదు, తన మాట వినే ఒకే ఒక్క మనిషి. ఎవరు దగ్గరికి వెళ్ళినా ముందు వాళ్ళ చేతులవైపు చూసేది. నేను టీ గ్లాసు అందించినా చూసేది.

నాకు తెలిసిన పని ఒకటే కదా. రోజూ అదే వేళకి వెళ్ళి కింది మెట్టు మీద కూచునేదాన్ని, ఉత్త చేతుల్తో. ఒక్కోరోజు నా మీద నాకే అసహ్యం వేసేది. ఆయన కూచున్న మెట్లే, ఆయన కూచున్న తీరే. కానీ నాకు వేరే తీరు రాదు. ఏడుపొస్తే అక్కడే ఏడ్చేదాన్ని. కొన్నాళ్ళకి మా ఆయన కూడా షాపునించి తొందరగా వచ్చి అక్కడే పీట వేసుకోవడం మొదలుపెట్టారు. అత్తయ్య కూడా వచ్చేది. ఆవిడ నోరు ఆగదని ఆవిడకే తెలుసు, అందుకని కొంగు కొస నోట్లో కుక్కుకుని కూచునేది.

వానలు పల్చబడుతున్న ఒక సాయంత్రం పిచ్చుక గడ్డం పైకెత్తింది.

"నా... నాకు ప..."

అత్తయ్య పళ్ళు కొంగు మీద బిగుసుకున్నాయి. మా ఆయన నేలవైపు చూస్తున్నారు. పక్కింట్లో ఎవరో బిందె దించిన చప్పుడైంది. పిచ్చుక మెడనరాలు లేచాయి, దిగాయి, మళ్ళీ లేచాయి.

"ప... పని కావాలి."

అంతే ఆ మాట. పడుకుంటావా, పళ్ళా, పక్కింటికా అని యేడాదిగా మేం తుంచుతూ వచ్చింది ఆ ఒక్క మాటనే.

"ఆ... ఆయనకి మొ... మొదట్లోనే చె... చెప్పేశా" అంది.

మా ఆయన లేచి గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నేను చూడనట్టు కూచున్నాను.

వ్యాన్ వచ్చింది మాత్రం ఎండలు పూర్తిగా నిలబడ్డాక. పిచ్చుకకి పని ఉందేమోనని నేను అడిగినదానికి డాక్టరమ్మ ఏమందో చెప్పడానికి వచ్చాడనుకున్నాను. హారన్ బాబాయ్ ఇంజను ఆపకుండానే దిగాడు. నా ఒక్కదానితోనే చెప్పబోయి, పిచ్చుక ఉండటం చూసి తటపటాయించాడు.

"చెప్పు బాబాయ్" అన్నాను. "దాని దగ్గర దాచేది లేదు."

"మార్కెట్ వెనక వీధిలోనమ్మా. మేడమెట్ల కింద ఒక పిల్ల కూచుని ఉంది. చిన్నపిల్లే, మన పిచ్చుక వయసుంటుంది. చుక్క వాన లేదు. పసుపు గొడుగు వేసుకుని ఎండలో కూచుంది."

పిచ్చుక చేతిలోని తడిబట్ట తీగ మీద వేసి దగ్గరికి వచ్చింది.

"పోలీసులకి చెప్పావా?" అన్నారు మా ఆయన.

"చెప్పే వస్తున్నా. వస్తామన్నారు. వాళ్ళు జీపేసుకుని వెళ్తే ఆయన పారిపోతాడు, పోనీ. ఆ పిల్ల కూడా వెనకాలే పోతే? ముందు ఆ పిల్లతో ఎవరైనా మాట్లాడాలి కదా."

నేను చెప్పుల కోసం చూస్తున్నాను. "నే... నే..." అని వినపడింది.

"నువ్వా? నీకు మా—" అనబోయి అత్తయ్య కొంగు నోట్లో పెట్టేసుకుంది.

అందరం ఆగాం. ఇంజను కూడా వినపడనంతగా ఆగాం.

"నే... నేను చె... చెబుతా."

"ఆ పిల్ల నిన్ను నమ్మకపోతే?" అన్నాను. నాకు భయంగా ఉంది. ఆ వీధిలో, ఆ మెట్ల పైన ఆయన ఉండి ఉంటాడు.

"కూ... కూ... కూచుంటా" అంది.

ఒక్కొక్క అక్షరాన్నీ తోసుకుంటూ వచ్చింది ఆ మాట. ఎవరూ నేర్పినది కాదు.

హారన్ బాబాయ్ చెవి మీది సుద్దముక్క తనే తీసుకుంది. వ్యాన్ ముందు తలుపు మీద మా వీధి పేరు పెద్ద పెద్ద అక్షరాలతో, తొందరపడకుండా, చివరిదాకా రాసింది. సుద్ద ఆయన చేతికిచ్చి ఎక్కి కూచుంది. నేను పక్కన ఎక్కాను. మా ఆయన వెనక బోనుల దగ్గర ఎక్కారు.

వ్యాన్ కదిలాక వెనక్కి చూశాను. అత్తయ్య గేటు వెయ్యలేదు. రెండు రెక్కలూ బార్లా తీసి, అవి గాలికి మూసుకోకుండా ఒకదానికి ఇటుక ఆనించి, రెండోది తనే పట్టుకుని నిలబడింది.